కాయ పండుట, పాము మింగుట

ఒకని యుపాయము నెరవేరినచో పాచిక పారినదందుము, నెరవేరనిచో పారలేదందుము. ఎదుటివాని తంత్రమునకు మారుతంత్రము పన్నినవాడు ఎత్తునకు పైయెత్తు వేసినవాడు. అల్లరిమూక నణచినచో వారి ఆట కట్టినది. ఎన్నియో యేండ్లు శ్రమించి మీదికి వచ్చినవాడు ఒక్కనాటిలో కూలినచో, వానిని పెద్దపాము మింగినదని ఊరివారు జాలిపడుదురు. చదరంగపు బల్ల ముట్టనివారును, పాచిక రూపెట్టిదో యెరుగనివారును ఈ మాటలను నేటికిని వాడుచున్నారు. తరతరముల క్రిందట తెనుగునేల వదలి కావేరీతీరమునకో, మైసూరు సీమకో, గంజాము వైపునకో, మహారాష్ట్రమునకో చేరిన మన కుటుంబములలో వీథి భాష వేరు, ఇంటి భాష వేరు. ఆ యింటి భాషలో చెడక మిగిలిన మాటలను లెక్కింపబోయినచో వంటింటి మాటల తరువాత ఈ ఆటల మాటలనే ముందు చెప్పవలసియుండును.

బ్రతుకును ఆటతో పోల్చుట అన్ని జాతులలోను కలదు. అయితే పోలిక చెప్పువారు సాధారణముగా ఏ ఆటయో చెప్పరు. అది చెప్పిననే గాని పోలికకు అర్థము లేదు. చదరంగముతో పోల్చిన బ్రతుకు వేరు, గవ్వలాటతో పోల్చిన బ్రతుకు వేరు. మొదటిదానిలో ఓడినచో తప్పు నాది; రెండవదానిలో తప్పు గవ్వది. మన పెద్దలు అరుగులమీద పరచిన పటములను ఈ దృష్టితో చూచినచో, మనుష్యుని చేతిలో నున్నదెంత, లేనిదెంత అను ప్రశ్నకు వారు గీచికొన్న సమాధానములుగా అవి కనబడును. ఆ పటములలో రెండు సముద్రము దాటి లండను చేరి, అచట వేషము మార్చుకొని, తిరిగి మన యిండ్లకే వచ్చినవి. ఆ ప్రయాణములో అవి పోగొట్టుకొన్నదేమో చెప్పుటయే ఈ వ్యాసమున నా ముఖ్యోద్దేశము.

ప్రశ్న మాత్రము మిక్కిలి పాతది. ఋగ్వేదము పదవ మండలమున 34వ సూక్తము జూదరి విలాపము. ఆనాటి పాచికలు తానికాయలు. ఆలిని, తల్లిని, అప్పులవారిని తలచుకొని యేడ్చు ఆ జూదరికి సూక్తము చివర లభించు హితము జూదము మాని పొలము దున్నుకొమ్మనియే. భారతమున ధర్మరాజు జూదమాడిన కథ అందరును ఎరిగినదే. దాని ప్రక్కన అరణ్యపర్వమున నిలిపిన నలుని కథ వేరొక సమాధానము చెప్పును. పుష్కరునితో ఆడి రాజ్యము పోగొట్టుకొన్న నలుడు బాహుకుడై ఋతుపర్ణుని రథము తోలుచుండగా, ఆ రాజు దారిలో నొక తానిచెట్టును చూచినంతనే దాని కాయలకును ఆకులకును లెక్క చెప్పెను. నలుడు రథము నాపి, చెట్టు కూల్చి, లెక్కించి చూచెను, లెక్క సరిపోయెను. అంతట తన అశ్వహృదయము నిచ్చి రాజువద్ద అక్షహృదయము నేర్చికొనెను. ఏ చెట్టు కాయలతో జూదమాడుదురో ఆ చెట్టు క్రిందనే జూదపు లెక్క తెలిసినదన్నమాట. ఆ విద్యతోనే అతడు రాజ్యమును మరల గెలిచెను. ఈ కథ చెప్పిన బృహదశ్వుడు ధర్మరాజునకు కూడ అక్షహృదయ ముపదేశించి మరి పోయెను. జూదమే చెడ్డదని సూక్తము. జూదము తెలియక ఆడుట చెడ్డదని బృహదశ్వుడు. మన జాతి ఈ రెండు మాటల నడుమ నేటికిని ఊగుచున్నది.

తెనుగు చరిత్రలో 12వ శతాబ్ది చివరి పల్నాటి యుద్ధమునకు బీజము కోడిపందెము. ఓడిన బ్రహ్మనాయుని పక్షము ఏడేండ్లు మాచెర్ల విడిచి వలసపోవలసి వచ్చెను. వలసపోయినవారి సంతతియగు మనకు ఈ పందెపు షరతు తక్కినవారికన్న కొంత దగ్గరగా తోచును. శ్రీనాథుని పేర నున్న పల్నాటి వీరచరిత్రలో బాలచంద్రుని యుద్ధమునకు కదలించినది కూడ నొక ఆటయే. అతడు విసరిన బొంగరము తగిలి గాయపడిన స్త్రీ పలికిన యెత్తిపొడుపు మాట వానికి కర్తవ్యము తెలిపినది. కావ్యములలో చెదరియున్న ఇట్టి ఆటల ముచ్చటలను ఏరి సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో చేర్చిరి. రాజుల యుద్ధములతోపాటు బాలుర గోలీలకును చరిత్రలో చోటు కలదని మనకు చూపినది ఆ గ్రంథమే.

ఇక వైకుంఠపాళి. పాళి యనగా వరుస. తమిళదేశమున దీనినే పరమపద సోపానపటమందురు, మహారాష్ట్రమున మోక్షపటము, ఉత్తరదేశమున జ్ఞానచౌపడ్. జైనుల పటములలో తరచుగా 84 గడులుండును, వైష్ణవుల పటములలో తరచుగా 72. మన దక్షిణదేశపు పటములు ఇంకను పెద్దవి. గడుల లెక్క అచ్చువేసినవారిని బట్టి మారుచుండును. సూఫీ మతస్థుల కొరకు చేసిన పటములును కలవు. జ్ఞానదేవుడు 13వ శతాబ్దిలో ఈ ఆటను కల్పించెనని మరాటీవారి యైతిహ్యము. ఐతిహ్యము మధురమైనదే. కాని దొరకుచున్న పటములు చాలవరకు 18వ శతాబ్దియు, అటుపిమ్మటివియు నగుటచే దానిని రుజువుగా గ్రహింపరాదు. ఆండ్రూ టాప్స్‌ఫీల్డ్ అను ఆంగ్లపండితుడు 1985లో ప్రకటించిన వ్యాసముతో ఈ పటముల చరిత్రకు గట్టి పునాది పడినది.

పటమునకు ప్రాణము గడిలోని పేరు. పాము తలయున్న చోట నొక దోషము, నిచ్చెన యడుగున నొక గుణము వ్రాసియుండును. ఉత్తరదేశపు 72 గడుల పటమొకటి చూడుడు. 24వ గడి దుస్సంగము, అది పాము. 25వ గడి సత్సంగము. రెండింటి నడుమ నున్నది ఒక గీత మాత్రమే. 54వ గడి భక్తి. అచటినుండి 68వ గడియగు వైకుంఠమునకు తిన్నగా దారి. 55వ గడి అహంకారము. అచటి పాము 3వ గడియగు క్రోధమునకు దింపును. భక్తునకు ఒక్క అడుగు దూరమున అహంకారమును కూర్చుండబెట్టినవాడు ఎవడోగాని, గుడి మండపములలో చాలకాలము కూర్చుండి మనుష్యులను చూచినవాడు.

అంతకన్న గడుసుతనము పటము కొనలో కలదు. వైకుంఠము చివరి గడి కాదు. దాని తరువాత మరి నాలుగు గడులు గలవు. వానిలో కడపటిదగు 72వ గడి తమోగుణము. అచటి పాము 51వ గడియగు భూమికి దించును. సరిగా 68న ఆగినవానికే గెలుపు. మించి పోయినవాడు మరల భూమిమీద మొదలుపెట్టవలెను. మన వైపు పటములలో ఈ పని వేరు విధముగా జరుగును. వైకుంఠము కనుచూపుమేరలో నుండగా పెద్దపాము నోరు తెరచికొని యుండును. దాని తోక అట్టడుగు వరుసలోనిది. చేరువ యైనకొలది ప్రమాదము పెరుగునని రెండు పటములును చెప్పును.

ఇచ్చట నొక యాక్షేపణ కలదు, అది న్యాయమైనదే. ఈ యాటలో ఆడువానికి ఎంపిక యేదియు లేదు. గవ్వలు పడినట్లు కాయ జరుగును. దయ గల గడికి చేరినవాడు దయ చూపి చేరలేదు, హింస గడిలో పడినవాడు ఎవరిని హింసింపలేదు. అట్లయిన ఇది నీతిబోధ యెట్లగును? నేను చాలకాలము దీనిని ఈ యాటలోని లోపముగానే యెంచితిని. ఇప్పుడట్లు తోచదు. బ్రతుకులో కూడ మనము దుస్సంగమును ఎంచుకొని పోయి చేరము. ఒకనాడు చుట్టు చూచుకొనునప్పటికి అందులో నుందుము. చేరిన చోటికి పేరు తెలిసియుండుట ఒక యుపకారము. వైకుంఠపాళి మనుష్యునకు దారి చూపదు. నీవిప్పుడున్న గడి యిది యని పేరు చదివి చెప్పును. పేరు చదువుటలోనే దాని బోధ యంతయు నున్నది.

పేరు చదువుట యను మాట నాకు మరియొక విధమునను నిజము. నేను చదివిన బడిలో తెనుగు లేదు. ముక్కోటి యేకాదశినాటి జాగరణకు మా అవ్వ గుడ్డమీద అంటించిన తెనుగు పటమును పెట్టెలోనుండి తీసెడిది. కాయ ఎవరిదైనను, అది నిలిచిన గడిలోని పేరు పిల్లలు బిగ్గరగా చదువవలెను. చదువలేనివాడు తన వంతు కోల్పోవును. ఈ షరతు పటముమీద వ్రాసినది కాదు, అవ్వ పెట్టినది. ఒత్తులు, సంయుక్తాక్షరములు నాకు పట్టుపడినది ఆ రాత్రులందే. మాత్సర్యమను మాట చదువలేక మూడు పర్యాయములు వంతు పోగొట్టుకొన్న సంగతి మా యింటిలో చాలకాలము చెప్పుకొని నవ్విరి.

ఇట్టి పటము లండను చేరినది. 1890ల దశాబ్దమున అచట పాములు, నిచ్చెనలు అను పేర అచ్చుపడి అమ్మకమునకు వచ్చినది. తొలినాటి పటములలో ఆంగ్లేయులు తమ గుణములను వ్రాసికొనిరి. పొదుపు, పశ్చాత్తాపము, శ్రమ అనునవి నిచ్చెనలు. అవిధేయత, సోమరితనము మొదలగునవి పాములు. మోక్షమునకు బదులు లౌకికమైన విజయము పైకి వచ్చెను. నరకమునకు బదులు దారిద్ర్యము, అపకీర్తి క్రిందికి వచ్చెను. మన పాత పటములలో పెక్కింట పాములే యెక్కువ. వారు పాములను, నిచ్చెనలను సమము చేసిరి. ఇది దయతో చేసిన సవరణయే కావచ్చును, పిల్లలు నిరుత్సాహపడకుండుటకు. పిమ్మట గుణదోషముల పేర్లు కూడ జారిపోయి గడులలో అంకెలు మిగిలినవి. 1943లో అమెరికాలో వెలువడిన పటమునందు పాములు సైతము పోయి వాని చోట జారుడుబల్లలు వచ్చినవి. మన బజారులలో నేడు పిల్లలకు కొనుచున్నది అంకెల పటమే. అందులో పాము మింగినచో 98 నుండి ఏ 28కో దిగుదుము. ఏల దిగితిమో చెప్పువారు లేరు.

రెండవ యాట పగడసాల. సారెలాటయని, నెత్తమని మన కావ్యములెరిగినది దీని కుటుంబమునే. హిందీవారి చౌపడ్, పచ్చీసు ఇవియే. నాలుగు రెక్కల గుడ్డ, ఒక్కొక్క రెక్కలో మూడు వరుసలు, వరుసకు ఎనిమిది గడులు, నడుమ ఇల్లు. నలుగురాడుదురు, ఒక్కొక్కరికి నాలుగు కాయలు. ఫతేపూరు సిక్రీలోని అక్బరు కోటలో ఈ పటమును నేలమీదనే పరచియుంచిరి. మన యిండ్లలో పేదవాని పగడసాలగా వెలసినది అష్టాచెమ్మ. నేలమీద బొగ్గుతో అయిదైదుల ఇరువదియైదు గడులు గీచినచో చాలును. కన్నడదేశమున దీనినే చౌకాబారా యందురు. తమిళులకు దీని చుట్టమగు తాయము కలదు.

ఈ యాటలో గవ్వ పడుట దైవాధీనము, ఏ కాయను జరుపవలెనో ఆడువాని యధీనము. వైకుంఠపాళిలో లేని యెంపిక ఇచ్చట కలదు. ఒకే పందెముతో ముందున్న కాయను ఇల్లు చేర్పవచ్చును, వెనుకనున్న కాయను ప్రాణాపాయమునుండి తప్పింపవచ్చును, లేక ఎదుటివాని కాయను చంపవచ్చును. మూడును చేయుటకు వీలులేదు. సంసారులకు ఇంతకన్న చక్కని పోలిక నాకు తెలియదు. నెలజీతము చేతికి వచ్చిన దినమున ఇంటింట జరుగునది ఇదియే గదా.

మాటను గమనింపుడు. జరుగునది కాయ. చుట్టు తిరిగి నడిమి యింటిని చేరినప్పుడు కాయ పండినదందుము. తమిళులును కాయ పండైనదనియే యందురు. వీథిలో కాయగా తిరిగినది ఇంటికి వచ్చి పండగుట! ఆంగ్లములో ఈ స్థితికి ఇల్లు చేరుట యని మాత్రమే పేరు. మన మాటలో ప్రయాణముతోపాటు పరిపాకము కూడ ఉన్నది. ఎవని కాయయు తన గడినుండి తిన్నగా నడిమికి పోరాదు. పరుల గడులన్నియు చుట్టి, చంపబడు భయమును అడుగడుగున అనుభవించి, అటుపిమ్మటనే పండవలెను. మూడు తరములు, నాలుగు తరములు పరభాషల నడుమ కాపురమున్న కుటుంబములకు ఈ దారి క్రొత్తగా వివరింప నక్కరలేదు.

పచ్చీసులో నొక గొప్ప కట్టుబాటు కలదు. ఎదురెదురుగా కూర్చుండిన ఇరువురు జోడు. జోడులోని యెనిమిది కాయలును పండినప్పుడే గెలుపు. తన నాలుగింటిని పండించుకొన్నంతమాత్రమున ఎవడును గెలువడు. కావున నేర్పరియగువాడు తన కాయ ఇంటి గుమ్మము చేరినను, వెనుకబడిన జోడును కాపాడుటకై దానిని లోనికి పోనీయక మరియొక చుట్టు త్రిప్పుటయు కలదు. గుమ్మమువరకు వచ్చి మరల వీథిలోనికి వెళ్ళుట! కుటుంబములో మొదట ఉద్యోగము దొరకిన పెద్దకుమారుడు తన యిల్లు కట్టుకొనక తమ్ములను చదివించుటను చూచినప్పుడెల్ల నాకీ కట్టుబాటు గుర్తువచ్చును.

ఇదియు లండను చేరినది. 1896లో లూడో యను పేర అచట దానికి పేటెంటు పుట్టినది. గవ్వలు పోయి డబ్బాలో త్రిప్పెడి ఘనము వచ్చెను. అంతకన్న ముఖ్యముగా జోడు పోయెను. లూడోలో నలుగురు నలుగురే. ఎవని కాయలు వానివి, ఎవని గెలుపు వానిది. లూడో తిరిగివచ్చి మన దేశమంతట నిండినది. 2016లో మన దేశముననే తయారైన లూడో కింగ్ అను ఫోను ఆట, 2020లో జనులందరు ఇండ్లలో బందీలైన దినములందు, దూరదేశములలోని బంధువులను ఒక్క పటముమీదికి తెచ్చినది. దానిని నేను నిందింపను. వేర్వేరు దేశములలోని అన్నదమ్ములు ఒకే సాయంకాలము కాయలు జరుపుకొనుట చిన్న విషయము కాదు. అయినను ఆ పటముమీద అన్న కాయను తమ్ముడు చంపవచ్చునేగాని, అన్నకొరకు మరియొక చుట్టు తిరుగు పాతకట్టుబాటును వారిలో ఎందరు వినియుందురు? వైకుంఠపాళి లండనులో పేర్లను పోగొట్టుకొన్నది. పగడసాల జోడును పోగొట్టుకొన్నది.

సముద్రము దాటని యాటలు తమ రూపమును చెడగొట్టుకొనలేదు. పులిజూదము వానిలో నొకటి. తమిళులకు ఆడుపులి ఆట్టము. మూడు పులులు, పదునైదు మేకలు. ప్రాతగుళ్ళ మండపములలో నేలరాళ్ళపై ఈ గీతలు నేటికిని కనబడును. పులి దూకి చంపగలదు, మేకకు చంపు శక్తి లేదు. మేకల గెలుపు పులికి కదలుటకు చోటు లేకుండ చేయుటలోనున్నది. తొందరపడి ముందుకు పోయిన మేక చచ్చును; ప్రక్కన మరియొక మేకను చూచుకొని నిలిచిన మేక బ్రతుకును. అల్పసంఖ్యాకుల సంఘములు పెట్టుకొనువారు దీనిని ఒకమారు ఆడిచూడవలెనని నా కోరిక.

ఒడిశాలో గంజాపా యనియు, మహారాష్ట్రమున సావంతువాడిలో గంజీఫా యనియు వ్యవహరించు గుండ్రని చేతిచిత్రపు పేకలు మరియొక విచిత్రము. తెనుగుదేశమున నిర్మలులో సైతము వీనిని చిత్రించెడివారు. దశావతారపు కట్టలో పది రంగులు, రంగునకు పండ్రెండు చొప్పున 120 పేకలు. రాజు, మంత్రి పోగా ఒకటి మొదలు పదివరకు అంకెలు. అయిదు అవతారములలో పది పెద్దది, ఒకటి చిన్నది. తక్కిన అయిదింట ఒకటియే పెద్దది, పది చిన్నది. పగలు ఆడునప్పుడు రామునిది ముందుచేయి, రాత్రి యాడునప్పుడు కృష్ణునిది. ఏ యింట, ఏ వేళ నున్నామో యెరుగక తన విలువను చెప్పరాదని ఈ యాట కట్టుబాటు. ఒకయూర పదియై వెలిగినవాడు పొరుగు సీమలో ఒకటియగుట, అచటి ఒకటి మనకు పదియగుట మన పెద్దలు అనుభవించి యెరిగినదే.

మైసూరు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరును స్మరింపక ఈ ముచ్చట ముగింపరాదు. 1794లో పుట్టి 1868లో గతించిన ఈ రాజు చేతినుండి 1831లో పాలన ఆంగ్లేయులకు పోయినది. ఆయన క్రొత్త క్రొత్త ఆటపటములు కల్పించుటయందు అపారమైన ఆసక్తి చూపెను. శ్రీతత్త్వనిధిలో తొమ్మిదవదగు కౌతుకనిధి ఆటలకు సంబంధించినది. జగన్మోహన ప్రాసాదపు గోడలపై ఆయన పటములు చిత్రించియున్నవి. రాజ్యము చేజారిన రాజునకు పటముమీద రాజ్యము మిగిలినదని కొందరు ఎగతాళి చేయుదురు. ఆ గోడముందు నిలిచినచో ఎగతాళి చేయ బుద్ధిపుట్టదు. గడిగడికిని పేరు వ్రాయించిన మనుష్యుడాయన.

మా అవ్వ పటము ఇప్పుడు నావద్ద నున్నది. మడతలయందు గుడ్డ చిరిగినది. పెద్దపాము తలయున్న గడిలో పేరు కనబడదు. ఏబదియేండ్లుగా ఓడినవారి వ్రేళ్ళు తగిలి అక్షరములు చెరిగిపోయినవి. గడచిన ముక్కోటినాడు నా మనుమరాలి కాయ ఆ గడికి చేరినది. చదువుటకు వంగి చూచినది, ఏమియు లేదు. వంతు పోవునేమోయని నా మొగము చూచినది. పేరు నేను చెప్పితిని, అది తిరిగి చెప్పినది. కాయను తీసి అడుగువరుసలో పెట్టి గవ్వలు చేతికి తీసికొన్నది.